కాగజ్‌నగర్ గ్రంథాలయమున ఒక పగలు

కాజీపేటనుండి బల్లార్షా దిక్కునకు సాగు రైలుమార్గమున పెద్దపల్లి, రామగుండము, మంచిర్యాల, బెల్లంపల్లి దాటి, బొగ్గుగనుల నేల వెనుకబడి, టేకుచెట్ల అడవి దగ్గరపడుచుండగా సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషను వచ్చును. ఢిల్లీని చెన్నపట్నమును కలుపు పెద్దమార్గము మీది స్టేషను కావున, ఇచ్చట దిగువారి నోట తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ భాషలు ఒక్కమారే వినవచ్చును. పూర్వము కొత్తపేట యనబడిన ఈ చోట 1938లో నిజాము ప్రభుత్వపు ప్రాపున సిర్పూర్ పేపర్ మిల్లు స్థాపితమై, 1942లో కాగితపు ఉత్పత్తి మొదలుకాగా, పని వెదకికొనుచు నలుదెసలనుండి వచ్చిన జనముతో పట్టణము పెరిగెను. తరువాతి కాలమున తూర్పుబెంగాలునుండి కాందిశీకులై వచ్చిన కుటుంబములకు ప్రభుత్వము ఈ ప్రాంతమున నెలవు కల్పింపగా, నజ్రుల్‌నగర్ వంటి గ్రామములలో వంగభాషయు స్థిరపడినది. చుట్టునున్న అడవిపల్లెలలో గోండులు, కొలాములు ఈ అందరికంటె ముందునుండి ఉన్నవారే.

ఈ పట్టణమునకు మరియొక అనుభవము గలదు. 2014లో మిల్లు మూతపడెను. నాలుగేండ్లపాటు జీతములు లేక, బజారులో బేరము లేక, పిల్లల చదువులు ఎట్లు సాగునో తెలియక ఊరు ఎదురుచూచెను. 2018లో జె.కె. పేపర్ సంస్థ మిల్లును చేపట్టిన పిదప యంత్రములు మరల కదలినవి. ఒక్క ఆధారము మీదనే ఊరంతయు నిలిచినచో ఏమగునో ఇంత ప్రత్యక్షముగా నేర్చుకొన్న పట్టణములు మన రాష్ట్రమున బహుశః కొద్దియే యుండును. ప్రజాగ్రంథాలయము తన రాబోవు కాలమును గూర్చి ఎట్లు ఆలోచించుకొనవలెను, ఆ ఆలోచనను నడపించు మనుష్యులు ఎక్కడనుండి రావలెను అను రెండు ప్రశ్నలు చాలకాలముగా నా మనస్సులో నుండుటచే, వానిని ఏ మహానగరపు పాలరాతి సౌధమునందో గాక ఇట్టి ఊరి శాఖా గ్రంథాలయమున అడిగి చూడవలెనని ఇచ్చటికి వచ్చితిని.

నేను చేరునప్పటికి పగటి యెండ ఇంకను ముదరలేదు. పత్రికల బల్ల చుట్టును వృద్ధులు కూర్చుండి, ఒక్కొక్క పత్రికను పుటలు పుటలుగా విడదీసి పంచుకొని చదువుచుండిరి. లోపలి గదిలో యువతీయువకులు తమ తమ సంచులలో తెచ్చుకొన్న గైడ్లు ముందు పెట్టుకొని, తలయెత్తక, గ్రూప్స్ పరీక్షలకో, కానిస్టేబుల్ ఉద్యోగమునకో, డి.ఎస్.సి.కో చదువుకొనుచుండిరి. ఆ నిశ్శబ్దములో గూడ ఒక తొందర వినవచ్చుచుండెను. బీరువాలలోని నవలలు, కావ్యములు, జీవితచరిత్రలు మాత్రము ఎవరును తమను పిలువలేదన్నట్లు నిలిచియుండెను. గ్రంథపాలకురాలు లేచి వచ్చి నన్ను ఆదరముతో కూర్చుండబెట్టి, నేను వచ్చిన పని విని, మొదట నవ్వినది.

“ప్రణాళికా సార్? మాకు తెలిసిన ప్రణాళిక ఇండెంటే. కుర్చీలు ఎన్ని గావాలె, ర్యాకులు ఎన్ని గావాలె, కాంపిటీటివ్ బుక్స్ ఏవి గావాలె, రాసి పంపుతం. లైబ్రరీకి ఎవరు వస్తున్నరో రిజిస్టర్ల ఉంటది. ఎవరు వస్తలేరో మాత్రం ఏ రిజిస్టర్ల ఉండదు” అని చెప్పి, బల్ల సొరుగునుండి ఒక చిన్న నోటుపుస్తకము తీసి నా ముందుంచినది.

ఆ పుస్తకములో ఆమె తనకు తానై వ్రాసికొన్నది రానివారి పట్టిక. మిల్లులో షిఫ్టు దిగి వచ్చువారు. వారికి తీరిక చిక్కు వేళ గ్రంథాలయము తెరచియుండదు. ఇంటిపని ముగించి సాయంకాలము ఒక గంట దొరకించుకొను స్త్రీలు. వారు కూర్చుండుటకు వేరుచోటు లేదు. వంగగ్రామములవారు. పిల్లలు బడిలో తెలుగు నేర్చినను, ఇంటిలోని పెద్దలకు చదువవలెనన్న కోరిక పుట్టించు పుస్తకము ఒక్కటియు బీరువాలో లేదు. గోండుగూడెములనుండి హాస్టళ్లలో చేరిన విద్యార్థులు. వారిని ఇంతదూరము తీసికొనివచ్చువారు లేరు. చదువు మానివేసిన కుర్రవాండ్రు. వారికి ఈ వాకిలి బడివాకిలివలెనే కనబడును. ఒక్కొక్క పంక్తి కెదురుగా కారణము వ్రాయబడియుండెను, కొన్నింటి కెదురుగా ‘అడగాలె’ అని మాత్రమే యుండెను.

ప్రణాళికను గూర్చి నేను చదివిన లావుపాటి నివేదికలకంటె ఆ నోటుపుస్తకము నాకు ఎక్కువ నేర్పినది. మన దేశమున గ్రంథాలయ శాస్త్రమునకు ఆచార్యుడైన రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రములలో రెండవది ప్రతి పాఠకునకును అతని పుస్తకము అందవలెనని విధించును, మూడవది ప్రతి పుస్తకమునకును దాని పాఠకుడు దొరకవలెననును. గ్రంథాలయము వాకిలి తీసి కూర్చుండి వచ్చినవారికి అడిగినది ఇచ్చినంతమాత్రమున ఈ రెండును నెరవేరవు. రానివాడెవడో, వానికి అడ్డుపడినదేమో తెలిసికొన్నప్పుడే నెరవేరును. ఆయనయే 1950లో భారతదేశమంతటికిని ముప్పదేండ్ల గ్రంథాలయాభివృద్ధి ప్రణాళిక నొకదానిని రచించెను. ముప్పదేండ్లు ముందునకు చూచిన ఆ దృష్టియు, ఈ శాఖా గ్రంథాలయపు సొరుగులోని నోటుపుస్తకమును ఒక్క జాతివే.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. గ్రంథపాలకురాలు దానిని దాచలేదు. పోటీపరీక్షలకు చదువు యువజనులే ఈనాడు తెలంగాణమున శాఖా గ్రంథాలయములను నిలిపియుంచినారు. వారు లేనిచో అనేక గ్రంథాలయములు మధ్యాహ్నవేళ శూన్యములై యుండెడివి. కాని వారి సంఖ్య పెరిగినకొలది కుర్చీలన్నియు వారివే యగును, కొనుగోలు పద్దులన్నియు గైడ్లకే పోవును, పిల్లలకై విడిచిన మూలగూడ వారి బల్లలక్రిందికే వచ్చును. “వాళ్లను వద్దనలేం సార్. వాళ్ల అమ్మ నాన్న ఆశలు వాళ్లమీదనే ఉన్నయి. గని చిన్నపిల్లలు వచ్చి, కూసుండ జాగ లేక ఎల్లిపోతరు. వాళ్లు మల్ల రారు” అని ఆమె చెప్పినప్పుడు, ఆ మాటలో ఎవరిమీదను నిందలేదు, కాని తేల్చవలసిన నిర్ణయ మొకటి స్పష్టముగా నుండెను.

దూరదృష్టితో చేసిన ప్రణాళికకును కోరికల జాబితాకును భేదము ఇచ్చటనే తెలియును. జాబితాలో అన్నియు పట్టును; ప్రణాళికలో కొన్నింటిని వదలుకొనవలెను. సిలబసు మారి పనికిరాకుండబోయిన గైడ్లను ఏడాది కొకమారు ఏరివేయుట, ప్రతి పరీక్షకును ప్రతి ప్రకాశకుని పుస్తకము కొనక పరీక్షార్థులతోనే సంప్రదించి మేలైనవానిని మాత్రము తెప్పించుట, సాయంకాలమున ఒక గంట ఒక గది పిల్లలదని ప్రకటించి ఆ గంట నెవరడిగినను తప్పింపకుండుట — ఇవి డబ్బుతో కంటె గుండెనిబ్బరముతో జరుగు పనులు. ఎవరికో ఒకరికి ‘కాదు’ అని చెప్పవలసియుండును. చెప్పినవారు దానికి కారణమును నలుగురియెదుట విప్పి చెప్పగలిగియుండవలెను. నాయకత్వ మను మాటకు గ్రంథాలయమున ఇంతకంటె గొప్ప అర్థము నాకు తోచదు.

మన గ్రంథాలయములకు ఈ నాయకత్వము మునుపు కొరతగా నుండలేదు. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల ప్రభువు నాయని వేంకట రంగారావు మొదలగువారు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పునాటికి, వారికి చట్టము లేదు, పన్ను లేదు, రాజభాషగా నున్న ఉర్దూనడుమ తెలుగునకు నీడయు లేదు. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. అటుపిమ్మట సభ జరుపుకొనుటకే ముందుగా అనుమతి కావలెనన్న గస్తీ నిశాన్ 53 అను నిజాము ఉత్తర్వు నీడలో గూడ గ్రంథాలయములు ఒకటొకటిగా పుట్టినవి. వానిలో చదువ నేర్చినవారే ఆంధ్రమహాసభలో మాటలాడ నేర్చినవారైరి. వట్టికోట ఆళ్వారుస్వామి బాల్యమున ఇతరుల యిండ్లలో వంటపని చేసి బ్రదికినవాడు. చదువుమీది ఆకలితో పెరిగి, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, తాను ప్రకటించిన పుస్తకములను తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. వానికి నాయకత్వ శిక్షణ నిచ్చిన కళాశాల ఏది? పుస్తకమును, దానిని చదువువారి గుంపును తప్ప మరియొకటి కనబడదు.

కోస్తాలోను ఇదే వరుస. 1914లో బెజవాడయందు గ్రంథాలయ కార్యకర్తలు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నిర్మించుకొనిరి. అయ్యంకి వేంకట రమణయ్య తన ఆయుర్దాయమంతయు ఆ పనికే వెచ్చించెను. పాతూరి నాగభూషణమును ఆయన తోడివారును 1935లో కృష్ణాకాలువమీద పడవలో పుస్తకములు పెట్టి ఒడ్డునున్న గ్రామములకు పంచిరి. పాఠకుడు రాలేకున్నచో పుస్తకమే పోవలెనన్న నిర్ణయమునకు ఇంతకంటె చక్కని యుదాహరణము వెదకనక్కరలేదు. దేశమున మరియొక మూల బరోడా ప్రభువు సయాజీరావు గాయక్వాడు అమెరికానుండి బోర్డెను అను గ్రంథాలయవేత్తను రప్పించి 1911లోనే గ్రంథపాలకులకు శిక్షణ తరగతి పెట్టించెను. ఒకచోట ఉద్యమము కార్యకర్తలను తయారుచేసెను, వేరొకచోట సంస్థానము తయారుచేసెను. రెండుచోట్లను ముందుగా మనుష్యులు తయారైరి, భవనములు తరువాత వచ్చెను.

స్వాతంత్ర్యానంతరము వరుస తిరుగబడెను. రంగనాథన్ కృషిఫలముగా 1948లో మదరాసు రాష్ట్రమున వచ్చిన చట్టము దారి చూపగా, హైదరాబాదు రాష్ట్రమున 1955లోను, ఆంధ్రప్రదేశమున 1960లోను ప్రజాగ్రంథాలయ చట్టములు వచ్చినవి. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ ఏర్పడినది. ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు చట్టబద్ధమైనది. 2016లో జిల్లాలు విభజింపబడిన పిదప కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాకును తన సంస్థ తనకు వచ్చినది. 1972లో కలకత్తాయందు నెలకొన్న రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషను రాష్ట్రములకు పుస్తకసహాయము చేయుచున్నది. చట్టము స్థిరత్వమునిచ్చెను, జీతములనిచ్చెను, గోడలనిచ్చెను. ఇవి చిన్న మేళ్లు కావు. ఉద్యమకాలపు గ్రంథాలయములెన్నియో వ్యవస్థాపకులతోనే అంతరించినవని మరువరాదు. కాని గ్రంథాలయము ప్రభుత్వముదైన నాటినుండి అది తమదన్న భావము ఊరివారి మనస్సునుండి మెల్లమెల్లగా జారిపోయినది. నవంబరు 14 నుండి 20 వరకు వారోత్సవములలో వ్యాసరచన పోటీలు జరుగును, బహుమతులు పంచుదురు. 21వ తేదీనుండి ఎవరి దారి వారిది.

మధ్యాహ్నము దాటిన తరువాత గ్రంథపాలకురాలు నిత్యము వచ్చు కొందరు పాఠకులను నాతో మాటలాడుటకు కూర్చుండబెట్టినది. వారిలో మిల్లులో పనిచేసి విశ్రాంతి పొందిన వృద్ధు డొకరు మొదట నోరు విప్పిరి. “మిల్లు బందైన నాలుగేండ్లు నేను గీడనే కూసున్న సారూ. ఇంట్ల కూసుంటె మనసు ఆగకపోతుండె. పేపర్ల మా మిల్లు ముచ్చట ఏమన్న అచ్చిందా అని పొద్దున్నే అచ్చి జూసెటోన్ని. రోజూ ఏం రాస్తరు? అట్లట్ల నవలలు సురువు జేసిన.” ఇప్పుడాయన చూపు మందగించిన తన ఈడువారికి పత్రిక చదివి వినిపించుచున్నాడు, ఆ పని ఆయనకెవరును అప్పగింపలేదు.

ఒక యువతి, చుట్టుప్రక్కల గ్రామమునుండి దినదినము బస్సులో వచ్చునది, సంకోచించుచు ఇట్లనినది: “ఒక్కదాన్నే ఇంట్ల చదివితే ఎటు పోతున్ననో తెల్వది సార్. ఇక్కడ ఒకరికి రాని లెక్క ఇంకొకరు చెప్తరు. ఇక్కడ చదివి కానిస్టేబుల్ అయిన అక్క సెలవుల వచ్చినప్పుడు మాకు క్లాసు చెప్తది. నాకు జాబ్ వస్తే నేను గూడ వచ్చి చెప్త.” ఆ యువతి తన చివరిమాటను వాగ్దానముగా అనలేదు, ఆ గదిలోని వాడుకగా అనినది.

అప్పుడు ఇంటిపన్ను ప్రస్తావన వచ్చెను. రూపాయికి 8 పైసల లెక్కను నేను వివరించి, ఏటికి 1,000 రూపాయల పన్ను గల యింటినుండి 80 రూపాయలు గ్రంథాలయమునకు చేరవలెనని చెప్పగా, ఆ వృద్ధుడు ఆశ్చర్యపడి, “రసీదుల లైబ్రరీ సెస్ అని ఉంటది, అది గిదేనా? అంటె ఇన్నేండ్ల సంది నేను పైసలు గట్టుకుంట, ఇది సర్కారోళ్లు ఊకె ఇచ్చిందనుకుంటున్ననా?” అని బిగ్గరగా నవ్వెను. గదిలోనివారందరును నవ్విరి. స్థానిక సంస్థలు పన్నుతోపాటు వసూలుచేసిన సెస్సు గ్రంథాలయ సంస్థలకు సకాలమున చేరక బకాయిపడుట మన రెండు రాష్ట్రములలోను పాతవ్యాధి. దానిని గూర్చి అధికారులు అధికారులకు వ్రాసికొన్న లేఖలు బహుళముగా నుండును. పన్ను కట్టినవాడు అడిగిన సందర్భములు మాత్రము అరుదు. తాను యజమానినని తెలియనివాడు లెక్క అడుగడు గదా!

నాయకులు లోపలినుండియే రావలెననుటకు ఈ జిల్లాలోనే ఒక పూర్వోదాహరణము గలదు. 1940లో జోడేఘాట్‌నందు గోండు నాయకుడు కుమురం భీము నేలకొరిగిన పిమ్మట గిరిజనుల కష్టములను పరిశీలించుటకు నిజాము ప్రభుత్వము నియోగించిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ మార్లవాయి గ్రామమున నివసించి, అచ్చట గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చు శిక్షణ కేంద్రము నెలకొల్పించెను. గోండీలోనే వాచకములు తయారైనవి. బయటినుండి పంపిన పంతులు సెలవు దొరకగానే తిరిగిపోవును. గూడెములో పుట్టి గూడెమునకే పాఠము చెప్పువాడు నిలుచును. ఆదిలాబాదు జిల్లా గుంజాలలో గోండీ లిపి వ్రాతప్రతులు బయటపడి, 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో స్థానము లభించిన తరువాత, ఈ ప్రాంతపు ప్రజాగ్రంథాలయములకు గోండీ పుస్తకపు అర లేకుండుట ఇక క్షంతవ్యము కాదు. ఆ అరను పెట్టుటకును, దాని ప్రక్కన కూర్చుండి పిల్లలకు చదివి వినిపించుటకును తగినవారు గూడెములలోనే యున్నారు, పిలువవలసియున్నది.

సాయంకాలము సెలవు తీసికొనుటకు ముందు గ్రంథపాలకురాలి నోటుపుస్తకమును మరల తెరచి, ఆమెయు పాఠకులును నేనును కలసి, ఈ పుటలు ప్రణాళిక కావలెనన్న ఏమేమి చేర్పవలెనో మాటలాడుకొంటిమి. తేలినవి ఇవి. రానివారి పట్టికలో ఒక్కొక్క యేడు ఒక్క వర్గమునే ఎన్నుకొని, వారి వేళకు, వారి భాషకు గ్రంథాలయమును సవరింపవలెను. అందరిని ఒక్కమారే రప్పింతుమన్న ప్రతిజ్ఞ వ్రాయరాదు. ప్రతి పనికి ఎదురుగా ఒక వ్యక్తి పేరుండవలెను, ‘సిబ్బంది’ అని వ్రాసి ఊరకుండరాదు. వాకిలి దాటినవారి సంఖ్యతోపాటు ఇంటికి వెళ్లిన పుస్తకముల సంఖ్యయు, మొదటిసారి వచ్చి మరల వచ్చినవారి సంఖ్యయు లెక్కింపవలెను. పత్రిక చదివి వినిపించు వృద్ధునివంటివారిని, లెక్కలు చెప్పు అక్కవంటివారిని పాఠకుల సంఘముగా కూర్చి, నెలకొకమారు గ్రంథపాలకురాలితో కూర్చుండబెట్టి, కొనవలసిన పుస్తకములను గూర్చియు తెరవవలసిన వేళలను గూర్చియు వారి మాట వినవలెను. అన్నిటికంటె ముఖ్యము, గ్రంథపాలకురాలు బదిలీయై వెళ్లిననాడు ఈ నోటుపుస్తకము ఆమెతో వెళ్లిపోకుండ, తరువాత వచ్చువారి చేతికందవలెను. మిల్లు మూతపడిన నాలుగేండ్లలో ఒక్క ఆధారము చాలదని నేర్చుకొన్న ఈ ఊరికి, గ్రంథాలయముగూడ ఒక్క మనిషి ఓపికపై ఆధారపడరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

నా తీర్పు ఇది. మన ప్రజాగ్రంథాలయములకు ఉద్యమకాలమున మనుష్యులుండిరి, చట్టము లేదు. ఈనాడు చట్టమున్నది, ఆ మనుష్యులను మరల వెదకికొనవలసియున్నది. వారు శిక్షణ సంస్థలనుండి దిగివత్తురని ఎదురుచూడ నవసరము లేదు. పత్రికల బల్లదగ్గరను, పరీక్షార్థుల గదిలోను, జీతముకంటె మించిన శ్రద్ధతో రానివారి పట్టిక వ్రాసికొను ఉద్యోగి బల్లయొద్దను ఇప్పటికే ఉన్నారు. వారి చేతికి నిర్ణయించు అధికారము కొంత యిచ్చి, తప్పినచో దిద్దుకొను అవకాశము నిచ్చి, చేసినదానికి లెక్క అడిగినచో చాలును.

చదువరులకు ఒక మనవి. మీ ఇంటిపన్ను రసీదును ఒకమారు తీసి, గ్రంథాలయ సెస్సు ఎంత కట్టినారో చూడుడు. పిదప మీ ఊరి గ్రంథాలయమునకు పోయి, వచ్చే మూడేండ్లలో ఇచ్చట ఏమి చేయదలచినారు, దానిలో మేము చేయదగిన పని ఏది అని అడుగుడు. వ్రాసిన ప్రణాళిక ఉన్నచో వాకిటి బోర్డుమీద అంటింపుమని కోరుడు. లేకున్నచో కూర్చుండి వ్రాయుటకు సాయపడుడు. మీరు కట్టిన పన్ను మీకిచ్చిన హక్కు అది.